ఏమీ చేయకుండా ఉంటే ఏమయ్యేది?

(చెవి, ముక్కు, గొంతు వైద్య పరిశోధనపై ఇచ్చిన ఉపన్యాసం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. చెవి, ముక్కు, గొంతు వైద్యంలో జరిగిన పరిశోధన గురించి మాట్లాడమన్నారు. లేజర్ల గురించి, రోబోల గురించి వినాలని వచ్చినవాళ్ళు కూడా ఉండి ఉంటారు. వాటి జోలికి ఇవాళ పోను. నన్ను ఇన్నేళ్ళుగా వదలని ప్రశ్న ఒకటుంది, దాని గురించే మాట్లాడతాను. ఈ రోగికి మనం ఏమీ చేయకుండా ఉంటే ఏమయ్యేది? ఇదీ ఆ ప్రశ్న. వినడానికి చాలా చిన్నది. కానీ మా వైద్యంలో దీన్ని గట్టిగా అడగడానికి చాలా కాలం పట్టింది.

1934లో న్యూయార్క్‌లో జరిగిన ఒక సర్వే సంగతి చెబుతాను. పదకొండేళ్ళ వయసు బడిపిల్లల్ని వెయ్యిమందిని తీసుకున్నారు. వాళ్ళలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. వెయ్యికి ఆరువందల పదకొండు! మిగిలిన 389 మందిని స్కూలు డాక్టర్లు పరీక్ష చేశారు. 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. ఇంకా 215 మంది మిగిలారు. అంటే వీళ్ళు 'టాన్సిల్స్ బాగానే ఉన్నాయి, అక్కర్లేదు' అని డాక్టర్లే చెప్పిన పిల్లలు. ఈ 215 మందిని ఇంకో డాక్టర్ల బృందానికి చూపించారు. ఆ బృందం 99 మందికి ఆపరేషన్ కావాలంది. మిగిలిన 116 మందిని మూడోసారి వేరే డాక్టర్లకు చూపించారు. వాళ్ళు 51 మందికి కావాలన్నారు. చివరికి వెయ్యిమందిలో ఆపరేషన్ మాట లేకుండా బయటపడ్డ పిల్లలు 65 మంది.

లెక్క గమనించారా? మొదటిసారి దాదాపు 45 శాతం. రెండోసారి దాదాపు 46. మూడోసారి 44. బాగున్నారని రెండుసార్లు తేల్చిన పిల్లల్ని చూపించినా అదే శాతం వచ్చింది. మరి ఆ డాక్టర్లు చూసింది పిల్లల గొంతులనా, తమ అలవాటునా? వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. డబ్బు కోసం చేశారనీ అనడం లేదు. చిత్తశుద్ధితోనే చెప్పారు. నన్ను భయపెట్టేది కూడా అదే. చిత్తశుద్ధి ఉన్నంత మాత్రాన చెప్పినది నిజం కాదు.

ఎందుకిలా జరిగింది? మా దగ్గరకు వచ్చే జబ్బుల స్వభావం అలాంటిది. గొంతునొప్పి, చెవిపోటు, జలుబుతో సైనస్‌లు పట్టేయడం, గొంతు బొంగురుపోవడం, వీటిలో ఎక్కువ భాగం వాటంతటవే తగ్గుతాయి. బాగా ముదిరినప్పుడు రోగి డాక్టరు దగ్గరకు వస్తాడు. ముదిరిన తరువాత ఎటూ తగ్గే దశ వస్తుంది. మధ్యలో మనం ఏ మందు ఇచ్చినా ఆ మందుకే పేరు వస్తుంది. రోగి నమ్ముతాడు, డాక్టరూ నమ్ముతాడు. అలా ఇరవై ఏళ్ళు నమ్మితే దానికి అనుభవం అని పేరు పెడతాం.

దీనికి విరుగుడు ఒక్కటే, పోల్చి చూడటం. ఒకే రకం జబ్బున్న రోగుల్ని రెండు వర్గాలు చేయాలి. ఎవరు ఏ వర్గంలోకి వెళ్ళాలో డాక్టరూ నిర్ణయించకూడదు, రోగీ నిర్ణయించకూడదు, లాటరీ తీసినట్టు తేలాలి. ఒక వర్గానికి మందు, ఇంకో వర్గానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్ళిందో ఫలితాలు లెక్కపెట్టేవాళ్ళకు కూడా తెలియకూడదు. ఇంత తతంగం ఎందుకండీ అని మీరు అడగొచ్చు. మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి కాబట్టి.

టాన్సిల్స్ సంగతికే వస్తాను. ఈ పని ఓపిగ్గా చేసినవాడు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పనిచేసిన పిల్లల డాక్టర్ జాక్ పారడైజ్. ఆయన ముందు ఒక చిన్న పని చేశాడు. 'మా పిల్లకు మాటిమాటికీ గొంతు పట్టేస్తుంది' అని తల్లిదండ్రులు చెప్పిన 65 మంది పిల్లల్ని తీసుకుని, వెంటనే ఆపరేషన్ చేయకుండా, గొంతునొప్పి వచ్చినప్పుడల్లా తీసుకురండి, రాసిపెడదాం అన్నాడు. తల్లిదండ్రులు చెప్పినంత తరచుగా, చెప్పినంత తీవ్రంగా నిజంగా వచ్చింది ఎంతమందికో తెలుసా? 11 మందికి. 1978లో ఈ ఫలితం అచ్చయింది. అమ్మానాన్నలు అబద్ధం చెప్పారా? లేదు. పిల్ల జ్వరంతో మూలుగుతుంటే రాత్రంతా మేలుకున్న తల్లికి రెండుసార్లు వచ్చినా పదిసార్లు వచ్చినట్టే ఉంటుంది. మీలో పిల్లలున్నవాళ్ళకు ఇది నేను చెప్పాలా? అందుకే నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను: తేదీలు రాసిపెట్టండి. జ్వరం ఎంతుందో, చీము కనిపించిందో లేదో, ఎన్ని రోజులు బడి మానిందో రాయండి.

తరువాత 1984లో అసలు పరీక్ష ఫలితం వచ్చింది. ఏడాదిలో ఏడుసార్లు గాని, రెండేళ్ళపాటు ఏడాదికి ఐదేసిసార్లు గాని, మూడేళ్ళపాటు ఏడాదికి మూడేసిసార్లు గాని గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లల్ని మాత్రమే తీసుకున్నారు. ఇప్పటికీ చాలా దేశాల్లో ఈ లెక్కే వాడుతున్నారు. టాన్సిల్స్ తీసిన పిల్లలకు మొదటి రెండేళ్ళు గొంతు ఇన్ఫెక్షన్లు స్పష్టంగా తగ్గాయి. అంటే ఆపరేషన్ పనిచేసింది. ఇంకో సగం కూడా వినండి. ఆపరేషన్ చేయని పిల్లలకు కూడా తగ్గాయి. వాళ్ళలో చాలామందికి ఆ తరువాతి ఏళ్ళలో వచ్చినవి కొన్నే, అవి కూడా తేలికపాటివే. మరీ తీవ్రంగా లేని పిల్లల మీద ఇదే బృందం చేసిన ఇంకో పరీక్ష 2002లో వచ్చింది. అందులో లాభం ఉంది గాని, ఆపరేషన్ నొప్పికీ ప్రమాదానికీ సరితూగేంత లేదని తేల్చారు.

అయితే టాన్సిల్స్ ఆపరేషన్ ఎప్పుడూ వద్దంటున్నానా? ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే సగం విని వెళ్ళి 'డాక్టరు గారు ఆపరేషన్ వద్దన్నారు' అని చెబితే నాకు చాలా బాధగా ఉంటుంది. పెద్దవాళ్ళ మీద బ్రిటన్‌లో 27 ఆసుపత్రుల్లో 453 మందితో చేసిన పరీక్ష 2023లో వచ్చింది. రెండేళ్ళలో గొంతునొప్పితో గడిచిన రోజుల మధ్యస్థ సంఖ్య (అందరి అంకెల్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు 23, చేయించుకోనివాళ్ళకు 30. లాభం ఉంది. దుష్ఫలితాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది రక్తస్రావం. ఏడు రోజుల నొప్పి తగ్గడానికి ఆ ప్రమాదాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది రోగి తేల్చుకోవాల్సిన మాట. ఆ అంకెలు రోగి ముందు పెట్టడం మా బాధ్యత.

గురకపెట్టే పిల్లల విషయం వేరు. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగి నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసుకునే పిల్లలున్నారు. అలాంటివాళ్ళను, ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వయసువాళ్ళను 464 మందిని అమెరికాలో పరీక్షించారు. 2013లో ఫలితం వచ్చింది. సగం మందికి వెంటనే ఆపరేషన్, సగం మందిని ఏడు నెలలు గమనిస్తూ ఉండటం. ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. గమనిస్తూ ఉన్నవాళ్ళలో 46 శాతం మందికి ఆపరేషన్ లేకుండానే మామూలుగా వచ్చింది. పరిశోధకులు ముఖ్యంగా చూడాలనుకున్నది ఏకాగ్రత. అందులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ పిల్లల ప్రవర్తన, నిద్ర, రోజువారీ హాయి ఆపరేషన్ తరువాత బాగా మెరుగయ్యాయి. అవే టాన్సిల్స్, అదే ఆపరేషన్. గొంతునొప్పికి ఒక జవాబు, నిద్రలో ఊపిరాడకపోవడానికి ఇంకో జవాబు. 'టాన్సిల్స్ తీయించాలా వద్దా' అన్న ప్రశ్నకు జవాబు లేదు. 'దేని కోసం?' అని అడిగితే ఉంది.

చెవి గురించి క్లుప్తంగా చెబుతాను. చిన్న పిల్లలకు మాటిమాటికీ మధ్య చెవిలో చీము పడుతుంటే కర్ణభేరికి సన్నని గొట్టం అమర్చడం చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి. 2021లో 250 మంది పసిపిల్లల మీద చేసిన పరీక్షలో, రెండేళ్ళలో గొట్టం పెట్టినవాళ్ళకు సగటున ఏడాదికి 1.48 సార్లు, మందులతో నడిపినవాళ్ళకు 1.56 సార్లు చెవి ఇన్ఫెక్షన్ వచ్చింది. తేడా లేనట్టే. అలాగని 'ఎంత తక్కువ వైద్యం చేస్తే అంత మంచిది' అని సూత్రం చేసుకోకండి. రెండేళ్ళలోపు పిల్లలకు చెవి ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ పది రోజులకు బదులు ఐదు రోజులు ఇస్తే చాలేమో అని 2016లో పరీక్షించారు. ఐదు రోజుల కోర్సులో 34 శాతం మందికి వైద్యం విఫలమైంది. పది రోజుల కోర్సులో 16 శాతం మందికే. తగ్గించడం కూడా పరీక్షకు నిలబడాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన జబ్బు గురించి... జబ్బు ఇష్టం అనకూడదు, పరిశోధన ఇష్టం అనాలి. క్రూప్. పసిపిల్లలకు రాత్రిపూట ఉన్నట్టుండి కుక్క మొరిగినట్టు దగ్గు వస్తుంది. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు కీచుమని చప్పుడు. వైరస్ వల్ల స్వరపేటిక కింద వాపు వస్తుంది. పసిపిల్లకు అక్కడ దారి నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందనుకోండి. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే దారి రెండు మిల్లీమీటర్లకు వస్తుంది. గాలి వెళ్ళే వైశాల్యంలో మూడొంతులు పోయి పావు వంతే మిగులుతుంది. గాలికి ఎదురయ్యే అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు అదే ఒక్క మిల్లీమీటరు వాస్తే గొంతు బొంగురుపోయి ఊరుకుంటుంది.

తీవ్రమైన క్రూప్‌కు వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు పనిచేస్తుందని అప్పటికే తెలుసు. తేలికపాటి క్రూప్‌కు? అది ఎటూ తగ్గుతుంది కదా, ఎందుకివ్వడం అనేవాళ్ళు. కెనడాలో 720 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు. సగం మందికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒకే ఒక డోసు నోటితో, సగం మందికి ఉత్తుత్తి మందు. 2004లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మందు తాగిన పిల్లల్లో 15.3 శాతం మంది మళ్ళీ డాక్టరు దగ్గరకు రావాల్సి వచ్చింది. డెక్సామెథసోన్ తాగినవాళ్ళలో 7.3 శాతం. ఒక్క డోసు, నోటితో, సగానికి సగం తేడా! స్టెరాయిడ్ అనగానే భయపడే తల్లిదండ్రులు ఇక్కడ కూడా ఉంటారు. నెలల తరబడి వాడే స్టెరాయిడ్ వేరు, ఒక్క డోసు వేరు. ఈ తేడాను కుటుంబాలకు ఓపిగ్గా చెప్పాల్సింది మేమే.

మూతి వంకరపోవడం మీ అందరికీ తెలుసు. పొద్దున లేచేసరికి ముఖం ఒక పక్క కదలదు, కన్ను మూతపడదు. బెల్స్ పాల్సీ అంటాం. ఇందులో చాలామంది పక్షవాతం అని కంగారుపడతారు. ఆ అనుమానం ముందు తీర్చుకోవాల్సిందే. స్కాట్లండ్‌లో 551 మందిని జబ్బు మొదలైన 72 గంటల్లోపు పట్టుకుని నాలుగు వర్గాలు చేశారు. స్టెరాయిడ్ ఒక్కటే, వైరస్ మందు ఒక్కటే, రెండూ కలిపి, రెండూ ఉత్తుత్తివే. 2007లో వచ్చిన ఫలితం చూడండి. తొమ్మిది నెలలకు స్టెరాయిడ్ అందినవాళ్ళలో 94.4 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అందనివాళ్ళలో 81.6 శాతం. వైరస్ మందు వల్ల లాభం కనిపించలేదు.

ఆ 81.6 దగ్గర ఒక్క క్షణం ఆగండి. స్టెరాయిడ్ లేకుండానే ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది పూర్తిగా బాగయ్యారు! అంటే ఈ జబ్బుకు ఎవరు ఏ కషాయం ఇచ్చినా, ఏ తాయెత్తు కట్టినా, పదిలో ఎనిమిదిసార్లు నెగ్గినట్టే. ఉత్తుత్తి మందు వర్గం లేకపోతే మిగిలిన ఆ కొద్దిమందికి నిజంగా సాయపడింది ఏదో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ కొద్దిమంది అంటే జీవితాంతం సగం ముఖంతో నవ్వాల్సి వచ్చేవాళ్ళు. వాళ్ళ కోసమే ఈ లెక్కలన్నీ.

తల తిరుగుడు గురించి చెప్పకుండా వెళ్ళలేను. పక్క మీద ఒకవైపు తిరగ్గానే గది గిర్రున తిరుగుతుంది, అర నిమిషంలో ఆగిపోతుంది. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి. అవి తమ చోటు నుంచి ఊడి అర్ధవృత్తాకార నాళికల్లోకి జారితే ఇలా అవుతుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉండే జాన్ ఎప్లీ అనే డాక్టరు, తలను కొన్ని కోణాల్లో వరసగా తిప్పితే ఆ రేణువులు బయటకు జారిపోతాయన్నాడు. మందు లేదు, కోత లేదు. 1980లో తోటి డాక్టర్ల ముందు చెబితే నమ్మలేదు. ఆయన వ్యాసం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. పన్నెండేళ్ళు!

తోటివాళ్ళు నమ్మకపోవడం తప్పా? అనుమానించడం తప్పు కాదు. పరీక్షించకుండా కొట్టిపారేయడం తప్పు. తల తిప్పే వైద్యానికి ఉత్తుత్తి వైద్యం ఎలా? చాలా తెలివైన ఉపాయం కనిపెట్టారు. జబ్బు లేని చెవి వైపు అదే పద్ధతిలో తిప్పారు. 2006లో వచ్చిన ఆ పరీక్షలో 24 గంటల తరువాత చూస్తే, జబ్బు ఉన్న వైపు తిప్పిన 35 మందిలో 28 మందికి తల తిరగడం పోయింది. అవతలి వైపు తిప్పిన 31 మందిలో ముగ్గురికే పోయింది. ఇంకెవరైనా అనుమానించగలరా? ఏళ్ళ తరబడి తల తిరుగుడు బిళ్ళలు మింగుతున్నవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే తలను ఇలా తిప్పే చికిత్స జరిగిందా అని అడగండి.

ఇక శ్వాసనాళం. ఇది చెప్పడం నాకు కష్టం, అయినా చెప్పాలి. 2011లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా ఆసుపత్రిలో పావొలో మాకియారీని అనే సర్జన్ ఒక రోగికి ప్లాస్టిక్ శ్వాసనాళం అమర్చాడు. రోగి సొంత మూలకణాలు దాని మీద పెరిగి అది సజీవ నాళంగా మారుతుందన్నారు. ప్రపంచమంతా పొగిడింది. జంతువుల మీద చేయాల్సినంత పరీక్ష చేయకుండానే మనిషికి అమర్చారు. ఆ ఆసుపత్రిలో అలా అమర్చింది ముగ్గురికి. ముగ్గురూ చనిపోయారు. అదే సంస్థలో పనిచేసే నలుగురు డాక్టర్లు ప్రచురించిన దానికీ రోగుల ఫైళ్ళలో ఉన్నదానికీ పొంతన లేదని 2014లో ఫిర్యాదు చేశారు. మొదట వాళ్ళ మాట ఎవరూ సరిగా వినలేదు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ సర్జన్ వ్యాసాల్ని వెనక్కి తీసుకుంది. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు ఆ సర్జన్‌కు రెండున్నరేళ్ళ జైలుశిక్ష వేసింది.

శ్వాసనాళం మూసుకుపోయిన రోగులు తక్కువ. వందలమందితో లాటరీ తీసి పోల్చడం కుదరదు, నిజమే. అలాంటిచోట మనకు మిగిలే రక్షణ ఏమిటి? అమర్చిన ప్రతి రోగికీ ఏమైందో దాచకుండా రాయడం. మొదటి రోగికి ఏమైందో తెలియకుండా రెండో రోగిని బల్ల ఎక్కించకపోవడం. అంతకు మించి ఏమీ లేదు. అదీ లేనప్పుడు దాన్ని పరిశోధన అనకండి, నేను ఒప్పుకోను.

శ్వాస దారిలోనే ఒక మంచి వార్త కూడా ఉంది. కొందరు పిల్లలకు స్వరపేటికలో పులిపిర్లలాంటివి పెరుగుతాయి. తీసేకొద్దీ మళ్ళీ వస్తాయి. పదులసార్లు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి వచ్చిన పిల్లలున్నారు. కారణం హెచ్‌పీవీ వైరస్, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఆస్ట్రేలియాలో 2007లో అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా దేశమంతటా మొదలుపెట్టారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా. ఈ పులిపిర్ల కేసులు కొత్తగా ఎన్ని వస్తున్నాయో 2012 నుంచి లెక్కపెట్టారు. ఆ ఏడాది ఏడు. 2016కు వచ్చేసరికి ఒక్కటి. మా సర్జన్లు ఇన్నేళ్ళు కత్తితో, లేజర్‌తో చేయలేని పని ఒక టీకా చేసింది.

చివరగా, వేచి చూడకూడనివి. ఇంతసేపు వాటంతటవే తగ్గే జబ్బుల గురించి చెప్పాను కాబట్టి ఇవి చెప్పకుండా మిమ్మల్ని పంపితే అన్యాయం. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో, గులిమి అనుకుని వారాలు గడపకండి. దీనికి స్టెరాయిడ్ పనిచేస్తుందనడానికి రుజువు మూతి వంకరకు ఉన్నంత గట్టిగా లేదు. అయినా రెండు వారాల్లోపు ఇచ్చి చూడవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే ఆ అవకాశం కూడా పోతుంది. గొంతు బొంగురు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే స్వరపేటికను స్కోపుతో చూపించుకోండి, పొగ తాగేవాళ్ళయితే అంతవరకు కూడా ఆగకండి. పిల్లలు ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే వెంటనే ఆసుపత్రికి.

ఇంకోటి, బటన్ బ్యాటరీ. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బ్యాటరీ. పిల్ల మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే చుట్టూ ఉన్న తడితో కరెంటు ప్రవహించి, ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండ కాలడం మొదలవుతుంది. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు పందిపిల్లల మీద రకరకాల ద్రవాలు పోసి చూశారు. తేనె ఆ దెబ్బను తగ్గించింది. అందుకే ఇప్పుడు ఏడాది దాటిన పిల్లలకు, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వమంటున్నారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుకుతూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. తేనె బ్యాటరీని బయటకు తీయదు, తీసేదాకా కాస్త కాపాడుతుంది, అంతే. బ్యాటరీ ముక్కులోనో చెవిలోనో ఉంటే చుక్కల మందు గానీ నీళ్ళు గానీ ఏదీ పోయకండి, తడి తగిలితే ఇంకా కాలుతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, వెళ్తూనే 'బ్యాటరీ' అని చెప్పండి, లైన్లో కూర్చోకండి.